పెందుర్తి ఓటరు: ఇంటి పన్ను విశాఖకి, ఎంపీ ఓటు అనకాపల్లికి

చినముషిడివాడ, సుజాతానగర్, వేపగుంట వైపు ఇల్లు కొనుక్కున్నవాళ్లు చాలామంది విశాఖ ఎంపీయే తమ ఎంపీ అనుకుంటారు. కాదు. ఇంటి పన్ను విశాఖ నగర కార్పొరేషన్ (జీవీఎంసీ)కి కడతారు, జిల్లా విశాఖపట్నమే, కానీ ఎంపీ ఓటు మాత్రం అనకాపల్లికి పడుతుంది. 2024 మే 13న ఇక్కడి బూత్‌లలో ఎంపీ మిషన్ మీద విశాఖ టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ పేరు లేదు, అనకాపల్లి బీజేపీ అభ్యర్థి సీఎం రమేష్ పేరు ఉంది. పెందుర్తి అసెంబ్లీ సీటు అనకాపల్లి లోక్‌సభ కింద ఉండటమే దీనికి కారణం.

పోనీ చిక్కు అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. నియోజకవర్గంలో ముఖ్యంగా మూడు మండలాలు: పెందుర్తి, సబ్బవరం, పరవాడ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఒక లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్నారు. ఆ లెక్కన మూడూ అనకాపల్లికే పోవాలి. సబ్బవరం, పరవాడ వెళ్లాయి, పెందుర్తి మండలాన్ని మాత్రం విశాఖలోనే ఉంచారు. దాంతో ఒకే ఎమ్మెల్యే ఇద్దరు కలెక్టర్లతో మాట్లాడాల్సిన సీటు తయారైంది. నగరానికి దగ్గరగా ఉన్నవాళ్ల సౌకర్యం చూస్తే అది సబబే. మిగతా రెండు మండలాలకి మాత్రం ఒరిగిందేమీ లేదు.

పాత పెందుర్తి ఇంకా పెద్దది. గాజువాక కూడా అందులోదే. 2008 పునర్విభజనలో విడదీసి, 2009లో గాజువాకకి మొదటి ఎన్నిక పెట్టారు. ఉమ్మడి పెందుర్తిలో 1989లో గుడివాడ గురునాథరావు, 1994లో పల్లా సింహాచలం గెలిచారు. 2024లో వాళ్ల కొడుకులు అమర్‌నాథ్, శ్రీనివాసరావు గాజువాకలో తలపడ్డారు. పల్లా శ్రీనివాసరావు 95,235 ఓట్ల మెజారిటీతో గెలిచారు, అది రాష్ట్రంలోనే ఎక్కువ. సీటు విడిపోయింది గానీ కుటుంబాలు అవే.

విడిపోయాక మిగిలిన పెందుర్తి ఏ పార్టీకీ సొంతం కాలేదు. 2009లో ప్రజారాజ్యం నుంచి పంచకర్ల రమేష్‌బాబు, 2014లో టీడీపీ నుంచి బండారు సత్యనారాయణమూర్తి, 2019లో వైఎస్సార్‌సీపీ నుంచి అదీప్ రాజ్, 2024లో జనసేన నుంచి మళ్లీ పంచకర్ల. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. మధ్యలో పంచకర్ల యలమంచిలిలో టీడీపీ ఎమ్మెల్యేగా చేసొచ్చారు. బండారు 2024లో మాడుగులకి వెళ్లి గెలిచారు. అభ్యర్థులు సీట్లు మారతారు, ఓటర్లు పార్టీలు మారుస్తారు. అందుకే ఇక్కడ జెండా కన్నా పొత్తూ, టికెట్ ఎవరికన్నదీ ఎక్కువ లెక్క.

ఇక అసలు పనికొచ్చే సంగతి: దేనికి ఎవరి దగ్గరకి వెళ్లాలి. కాలవ పూడిక, చెత్త, వీధి దీపం జీవీఎంసీ పరిధిలో అయితే ముందు వార్డు సచివాలయం, ఆ తర్వాత జోనల్ కమిషనర్. సబ్బవరం పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శి, సర్పంచ్. ఆనందపురం-అనకాపల్లి ఆరు వరసల రోడ్డు పక్క సర్వీసు రోడ్డు జాతీయ రహదారుల సంస్థది. దాని మీద ఎమ్మెల్యే చుట్టూ తిరిగి లాభం లేదు, ఎంపీకి రాయాలి. పెందుర్తి స్టేషన్‌లో రైలు ఆగడం, రైల్వే గేటు సంగతీ అంతే. పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి 2,000 మెగావాట్ల ప్లాంటు, ఫార్మాసిటీ ఉన్నాయి. వాసన, నీటి రంగు మీద ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి, నకలు అనకాపల్లి కలెక్టర్‌కి. విశాఖ కలెక్టరేట్‌లో ఇస్తే చేతులు మారుతూ తిరుగుతుంది.

ఎమ్మెల్యే ఆఫీసుతో నిజంగా పని పడేది సీఎం సహాయ నిధికి. ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు ముందే సిద్ధం చేసుకోండి. బిల్లు మీది పేరూ ఆధార్ పేరూ కలవకపోతే ఫైలు వెనక్కొస్తుంది. (తిరుమల లెటర్ల కోసం వచ్చే జనం వేరే!)

ఎమ్మెల్యేలు నగర కౌన్సిల్లో ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటు కూడా వేస్తారు. 2025 ఏప్రిల్ 19న మేయర్ మీద అవిశ్వాసం 74 ఓట్లతో నెగ్గడంలో ఆ ఓట్లు కలిశాయి. శివారు ఎమ్మెల్యేకి నగరంతో పనేంటి అనేవాళ్లకి ఇదే జవాబు.

ఓటరు జాబితాలో ఈ వైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. గోపాలపట్నం నుంచి ఇక్కడికి మారినవాళ్లు మళ్లీ ఫారం 6 నింపుతారు. అది కొత్త ఓటరుకి మాత్రమే. గోపాలపట్నం విశాఖ పశ్చిమలో ఉంది కాబట్టి నియోజకవర్గం మారినట్టే, అయినా నింపాల్సింది చిరునామా మార్పుకి ఉన్న ఫారం 8. కార్డు మీది పది అక్షరాల నంబరు అదే ఉంటుంది. ఫారం 6 ఇస్తే రెండు చోట్లా పేరు పడి, తర్వాత నోటీసు వస్తుంది. పైగా ఎక్కడా ఓటు లేదని అందులో సంతకం చేస్తారు. తప్పుడు ప్రకటనకి ఏడాది వరకు జైలు ఉంది.

కొత్త లేఅవుట్లలో డోర్ నంబరు ఉండదు. ప్లాట్ నంబరు, వీధి, దగ్గర్లోని గుడో బడో రాయండి, లేకపోతే విచారణకి వచ్చే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఇల్లు దొరకలేదని రాసేస్తారు. చిరునామాకి కరెంటు బిల్లు పెట్టండి, రిజిస్టర్ కాని అద్దె కాగితం నమ్ముకోవద్దు. పేరు ఎక్కాక, జాబితాలో ఏ భాగంలో పడిందో ఆ భాగం నంబరు చూసుకోవాలి. కార్పొరేషన్ ఎన్నికలకి ఈ అసెంబ్లీ జాబితానే వార్డులుగా విడగొడతారు, భాగం తప్పైతే వార్డూ తప్పవుతుంది. నామినేషన్ల చివరి రోజు దాటితే జాబితాలో మార్పులు ఉండవు. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేసి కార్డు నంబరు చెప్పండి, అసెంబ్లీ, భాగం, బూత్ మూడూ అడిగి రాసుకోండి.