సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు

ఉదయం ఎనిమిదింటికి బయలుదేరవలసినవాడిని, తొమ్మిదిన్నర దాకా బానెట్ కిందే తల పెట్టుకుని ఉన్నాను. తాళంచెవి తిప్పితే సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది. ఇంజను మాత్రం అందుకోవడం లేదు.

పక్కింటాయన గోడ మీదుగా చూసి, "బ్యాటరీ అయిపోయి ఉంటుందండీ" అన్నారు. బండి మొరాయించిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. బ్యాటరీ అయిపోతే సెల్ఫ్ ఇంత జోరుగా ఎలా తిరుగుతుంది? అయినా మీటరు పెట్టి చూశాను. 12.5 వోల్టులు, బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ఆ తర్వాత నేను చేసిందీ తెలివైన పనేమీ కాదు, వరుసగా సెల్ఫ్ కొడుతూ పోయాను. ఏకబిగిన పది సెకన్లు మించితే స్టార్టర్ మోటారు వేడెక్కుతుందని తెలుసు. కోపంలో ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది?

మోటారూ నేనూ కాస్త చల్లబడ్డాక వరసగా ఆలోచించాను. ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి కాకపోతే ఇంజనును పలకనివ్వని ఏర్పాటు) దీపం ఎప్పటిలాగే వెలిగి ఆరింది, అంటే తాళంచెవితో పేచీ లేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా లేస్తోంది, కాబట్టి ఇంజను తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం తగ్గింది. తిరిగే చప్పుడులో ఆ ఎగుడుదిగుడు లయ ఉంది. ఇంజను వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉంటే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుకోవడం) లేక గిర్రున ఒకే తీరుగా తిరిగేది. చివరికి దారి చూపింది ముక్కే. అన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన లేనే లేదు, అంటే ఇంజనుకు పెట్రోలే అందడం లేదు.

అప్పుడు తట్టింది. తాళంచెవి ఆన్‌లోకి తిప్పగానే వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు రెండు సెకన్లపాటు జుయ్‌మంటుంది. ఏళ్ల తరబడి రోజూ వింటున్న చప్పుడు. ఈ రోజు అది లేదన్న సంగతి గంట దాటాక గానీ నా చెవికి ఎక్కలేదు!

ఫ్యూజు పెట్టె తెరిచాను. పంపు ఫ్యూజు బాగానే ఉంది. పంపు రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చు), హారన్ రిలే మీద ఒకే నంబరు ఉంది, అంటే రెండూ ఒకే రకం. రెండింటినీ ఒకదాని చోట మరొకటి పెట్టి తాళంచెవి తిప్పాను. జుయ్! సెల్ఫ్ ఇలా అందుకుందో లేదో ఇంజను అలా పలికింది.

"చెప్పానా, బ్యాటరీయే" అన్నారు పక్కింటాయన.

జవాబుగా హారన్ నొక్కాను. మోగలేదు. పాడైన రిలే ఇప్పుడు అక్కడుంది మరి. ముందు కొత్తది కొనాలి, అందాకా ఎవరినీ అదిలించకుండా మెల్లగా వెళ్లాలి.