బజ్జో, నెన్నె, తోంతోం

టోక్యోలో పెరిగే మన పిల్లలకి నిద్ర మాటలు చాలావరకు జపనీస్‌లోనే ముందు వస్తాయి. హోయికుఎన్‌లో, అంటే ఇక్కడి డే కేర్‌లో, మధ్యాహ్నం అన్నాలవగానే చిన్న చిన్న పరుపులు పరిచి అందర్నీ పడుకోబెడతారు. ఆ పగటి నిద్ర పేరు ఒహిరునె. టీచర్లు పక్కన కూర్చుని వీపు మీద మెల్లగా తడతారు. అది తోంతోం. మన జోకొట్టడమే. రాత్రి మా అమ్మాయి "అమ్మా, తోంతోం చెయ్యి" అంటుంది. "జోకొట్టనా?" అంటే తెలుసు, తల ఊపుతుంది. అడగడం మాత్రం తోంతోమే. నేను బజ్జో అంటే, తను బొమ్మకి నెన్నె చెబుతుంది.

నిద్రొస్తే "నెముయి". మొండికేస్తే "నేను నెనాయ్!" నెరు అంటే పడుకోవడం, నెమురు అంటే నిద్రపోవడం. పదింటికి పడుకున్నా పన్నెండు దాకా నిద్ర పట్టలేదు అని రోజూ చెప్పుకునే మనకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. మనం "పడుకున్నాడా?" అని అడిగినట్టే వాళ్లూ మామూలుగా నెరుతోనే సరిపెడతారు. నెమురు కాస్త పుస్తకాల మాట, సమాధిలో ఉన్నవాళ్లకీ అదే వాడతారు. నాకైతే అది వినగానే ఆవు నెమరేయడం గుర్తొస్తుంది.

పడుకునే ముందు పెద్దలకి "ఒయసుమి నసాయి" చెప్పాలి. మన ఇళ్లలో ఆ సమయానికంటూ ఒక మాట లేదు. లైటు తీసేయమంటాం, అంతే. ఆ ఖాళీలో గుడ్ నైట్ పెట్టే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. టోక్యోలో తెలుగు పిల్లకి ఇంగ్లీషు వీడ్కోలు ఎందుకో నాకర్థం కాదు. మా ఇంట్లో ఒయసుమినే ఉంచేశాం. కథ మాత్రం తెలుగులోనే, అందులో బేరాల్లేవు.

అసలు తగాదా గడియారంతో. "హయనె హయఓకి", తొందరగా పడుకుని తొందరగా లేవడం, ఇక్కడ పెద్ద మంత్రం. దానికి ఉదయం టిఫిను కూడా జోడించి 2006 నుంచి విద్యాశాఖ దేశమంతా ప్రచారం చేస్తోంది. రాత్రి ఎన్నింటికి పడుకుంది, పొద్దున ఎన్నింటికి లేచింది, రోజూ హోయికుఎన్ పుస్తకంలో రాసివ్వాలి. పదిన్నర అని రాయాలంటే చెయ్యి రాదు. మధ్యాహ్నం హాయిగా నిద్రపుచ్చింది వాళ్లు, రాత్రి తొమ్మిదికి ఇల్లంతా గెంతే పిల్లని పట్టుకునేది మేము! ఈ గోడు జపాన్ తల్లులకీ ఉంది, కలిస్తే అదే మాట. ఇటు గుంటూరులో మా అమ్మది ఇంకో లెక్క. ఇక్కడ ఎనిమిదిన్నరంటే అక్కడ ఐదు. వీడియో కాల్‌లో "దీపాలే పెట్టలేదు, అప్పుడే పడుకోవడమేంటే?" అంటుంది.

పక్కలో పడుకోబెట్టుకున్నందుకు మాత్రం ఎవరూ ఏమీ అనరు. అమ్మానాన్నల మధ్య బిడ్డ పడుకోవడాన్ని ఇక్కడ "కవ నొ జి" అంటారు. నది అని రాసే అక్షరంలో మూడు నిలువు గీతలుంటాయి, నడిమిది పొట్టిది. పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టాలని అమెరికాలో మా ఆడపడుచు పడిన టెన్షన్ మాకు లేకుండా పోయింది.

పడుకున్నట్టు నటిస్తే "తనుకి నెఇరి". తనుకి అంటే ఇక్కడి అడవుల్లో తిరిగే, కుక్క జాతికి చెందిన జంతువు. చూడ్డానికి రకూన్‌లా ఉంటుంది, కథల్లో మహా మాయలమారి. దొంగనిద్ర అన్న మాట కూడా మా పిల్లకి నేర్పాను. రెంటికీ ఒకేలా కిసుక్కుమని దొరికిపోతుంది.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మొదట అడిగింది ఉత్తరం ఎటు అని. ఆ పట్టింపు జపాన్ వాళ్లకీ ఉందని చెబితే నమ్మలేదు. ఉత్తరానికి తలపెట్టడాన్ని "కిత మకుర" అంటారు, చనిపోయినవాళ్లని అలా పడుకోబెడతారు. బుద్ధుడు నిర్యాణమప్పుడు ఉత్తరానికి తల పెట్టుకున్నాడట, దాన్నుంచి వచ్చిందంటారు. అమ్మ వినాయకుడి కోసం తెచ్చిన ఏనుగు తల కథ చెప్పింది. కింది అంతస్తు ముసలావిడకి దాన్ని నా జపనీస్‌లో చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. ఆవిడ అంతా విని, మా పరుపు ఎటు వేశామో చూసి పోతానని పైకి వచ్చింది.