తడి ఫిల్మ్‌ని తుడవకండి

కెమెరా ఫిల్మ్ రోలుని ఇంట్లో కడిగేటప్పుడు, బొమ్మను తేల్చే మందు డెవలపర్ పోసేటప్పుడు అందరం టైమర్ పెట్టుకుని మరీ జాగ్రత్తగా ఉంటాం. బొమ్మను నిలబెట్టే మందు ఫిక్సర్ కూడా అయ్యి ట్యాంక్ మూత తీయగానే పనైపోయిందనిపిస్తుంది, కానీ నా లెక్కలో నెగటివ్‌కి అసలు గండం అప్పుడే మొదలవుతుంది. బొమ్మను పట్టుకుని ఉన్న జెలటిన్ పొర నీళ్లు పీల్చుకుని నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బి, మెత్తబడి ఉంటుంది. గోరు తగిలితే చాలు గీత పడుతుంది, అది ఇక పోదు.

అందుకే నేను స్క్వీజీ, అంటే నీళ్లు తుడిచే రబ్బరు పట్టీ, ముట్టుకోను, రెండు వేళ్ల మధ్య పెట్టి నీళ్లు లాగడం కూడా వద్దంటాను. రబ్బరు అంచుకి ఒక్క ఇసుక రేణువు అంటుకుని ఉన్నా మొదటి ఫ్రేమ్ నుంచి చివరిదాకా రోలంతా గీసుకుపోతుంది.

మరి నీటి మరకల సంగతేంటి అంటారా. హైదరాబాద్‌లో బోరు నీళ్లతో కడిగేవాళ్లకి ఇది నిజంగా పెద్ద తలనొప్పి, బకెట్లకి తెల్లగా పేరుకునే ఉప్పే ఫిల్మ్ మీద బొట్టు ఆరిన ప్రతి చోటా మిగులుతుంది. మిగతా కడుగుడంతా బోరు నీళ్లతోనే కానివ్వండి, చివర్లో ముంచేది మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో. అందులో నీళ్లు బొట్లుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు, ఫొటో-ఫ్లో గానీ ఇల్ఫోటోల్ గానీ, 1:200 పాళ్లలో కలపండి, అంటే 300 మి.లీ.కి ఒకటిన్నర మి.లీ., సిరంజితో కొలిస్తే సరిపోతుంది. ఎక్కువ పోస్తే జిడ్డు పొర మిగులుతుంది. ఫిల్మ్‌ని ట్యాంక్ లోపల దాన్ని చుట్టి ఉంచే రీల్ నుంచి తీసి వేరే గిన్నెలో ముంచండి, ఎందుకంటే ఆ మందు ప్లాస్టిక్ రీల్‌కి పట్టేస్తే తర్వాతిసారి చీకట్లో ఫిల్మ్ ఎక్కక ఒకటే టెన్షన్.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. డెవలప్ చేసింది 20 డిగ్రీల్లో, కుళాయి తిప్పితే వచ్చేవి మిద్దె మీద కాగిన నీళ్లు! ఒక్కసారిగా వేడి తగిలితే జెలటిన్ ముడతలు పడే ప్రమాదం ఉంది. అందుకే సీసాల్లో చల్లబరిచి పెట్టుకున్న నీళ్లతో ఫిల్మ్ కంపెనీ ఇల్ఫోర్డ్ వాళ్ల పద్ధతిలో కడుగుతాను: నీళ్లు మార్చుకుంటూ ట్యాంక్‌ని 5 సార్లు, 10 సార్లు, 20 సార్లు తలకిందులుగా తిప్పడం. నీళ్లూ తక్కువ పడతాయి.

ఆరబెట్టడానికి బాత్రూమే మంచిది. ముందు కాసేపు వేడినీళ్లు వదిలితే ఆవిరికి దుమ్ము అణుగుతుంది. 36 ఫ్రేముల రోలు ఒకటిన్నర మీటరు పైనే ఉంటుంది కాబట్టి ఎత్తులో కట్టి, కింద బరువైన క్లిప్ పెట్టి, తలుపు మూసేయండి. ఫ్యాను వద్దు, హెయిర్ డ్రయర్ అసలు వద్దు, రెండూ దుమ్ముని తెచ్చి మెత్తటి పొర మీదే కొడతాయి. మెరిసే వైపు బొట్టు నిలిస్తే టిష్యూ కొసతో అద్దవచ్చు, మెరవని వైపు జోలికి మాత్రం పోకండి. ఆరాక మరక కనిపిస్తే గీకకుండా మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి వేలాడదీయండి.

వానాకాలంలో రాత్రంతా వదిలేయడం మేలు, కాస్త తేమ ఉండగానే ముక్కలు కోసి కవర్లలో పెడితే ఎమల్షన్, అంటే ఆ జెలటిన్ పొర, కవరుకి అతుక్కుపోతుంది.