పీసీఎన్ (పార్కింగ్ ఫైన్ నోటీసు) చాలెంజ్‌కి కౌన్సిల్ పంపే జవాబు ఎందుకు ఒకేలా ఉంటుంది?

డబ్బు కట్టిన టైమ్ మధ్యాహ్నం 3:00కి అయిపోయింది. కారు అద్దానికి అంటించిన పీసీఎన్ మీద 3:08 అని ఉంది. ఇంగ్లండ్‌లో ఇది కట్టాల్సిన ఫైన్ కాదు. కౌన్సిల్ పార్కింగ్ స్థలాల్లో కట్టిన సమయం దాటాక 10 నిమిషాల గ్రేస్ 2015 నుంచి చట్టంలోనే ఉంది. ఇదంతా రాసి, టికెట్ ఫొటో జతచేసి చాలెంజ్ పంపితే వచ్చే జవాబు: ‘మీ టికెట్ గడువు తీరింది, కాబట్టి పీసీఎన్ సరైనదే.’ గడువు తీరలేదని ఎవరూ అనలేదు. అడిగింది గ్రేస్ గురించి, దాని మీద ఒక్క ముక్క లేదు.

ఉత్తరం రెండో సగం ఇంకా అన్యాయం. లండన్ బయట చాలా కౌన్సిళ్లలో ఈ కోడ్ 05 తప్పుకి (కట్టిన టైమ్ దాటాక కారు ఉంచడం) 50 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 25. మొదటి 14 రోజుల్లో చాలెంజ్ పంపినవాళ్లకి, తిరస్కరించాక ఆ సగం ధర మళ్లీ ఇవ్వాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మంచిదే. కానీ వాదన చదవకుండా తిరస్కరించి, ‘ఇప్పుడు కడితే 25’ అంటే, న్యాయం తమవైపు ఉన్నవాళ్లు కూడా విసిగి కట్టేస్తారు. కట్టారా, కేసు అక్కడితో ముగిసిపోతుంది. తర్వాత అప్పీల్ లేదు.

పోరాడదలిస్తే కట్టకుండా ఆగాలి. పీసీఎన్ వచ్చి 28 రోజులు దాటాక రిజిస్టర్డ్ కీపర్ (కారు ఎవరి పేరు మీద నమోదై ఉందో ఆ వ్యక్తి) పేరిట నోటీస్ టు ఓనర్ అనే ఉత్తరం వస్తుంది. అది డీవీఎల్‌ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ) దగ్గరున్న అడ్రస్‌కే వెళ్తుంది కాబట్టి వీ5సీలో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) పాత ఇల్లు ఉంటే ముందే మార్పించుకోండి. నోటీసు అందిన 28 రోజుల్లో ఫార్మల్ రిప్రజెంటేషన్ (కౌన్సిల్‌కి అధికారిక అభ్యంతరం) పంపాలి. మొదటి చాలెంజ్‌లో రాసిందంతా, ఫొటోలతో సహా, మళ్లీ జతచేయండి. పాత ఫైల్ తెరిచి చూస్తారని నమ్మకండి.

అసలు బలం ఇక్కడుంది. మొదటి చాలెంజ్‌కి జవాబివ్వడానికి చట్టంలో గడువు లేదు. ఫార్మల్ రిప్రజెంటేషన్‌కి మాత్రం 56 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే మీ వాదన ఒప్పుకున్నట్టే, పీసీఎన్ రద్దు చేయాలి. వాదననీ ఆధారాలనీ పరిశీలించడం కూడా వాళ్ల చట్టబద్ధమైన బాధ్యత. అందుకే పాయింట్లకి నంబర్లు వేసి రాయండి. ‘2వ పాయింట్, గ్రేస్ పీరియడ్: జవాబు లేదు’ అని తర్వాత ట్రిబ్యునల్‌కి (కౌన్సిల్‌తో సంబంధం లేకుండా అప్పీళ్లు వినే సంస్థ) చూపించడం తేలికవుతుంది. పరిశీలించకపోవడం ప్రొసీజరల్ ఇంప్రొప్రైటీ (కౌన్సిల్ పద్ధతి తప్పడం) కిందికి వస్తుంది, అది విడిగా ఒక అప్పీల్ కారణం.

తిరస్కరణ నోటీసు అందాక ట్రిబ్యునల్‌కి 28 రోజులు. లండన్‌లో లండన్ ట్రిబ్యునల్స్, మిగతా ఇంగ్లండ్‌లో ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కౌన్సిల్ పంపే ఎవిడెన్స్ ప్యాక్‌లో వార్డెన్ రాసుకున్న నోట్స్, ఫొటోలు ఉంటే వాటి మీది టైమ్ ముందు చూడండి.

ఏమీ చేయకుండా వదిలేస్తే మాత్రం చార్జ్ సర్టిఫికెట్‌తో ఫైన్ 50 శాతం పెరుగుతుంది, తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్ అనే కోర్టు విభాగంలో అప్పుగా నమోదవుతుంది. నోటీస్ టు ఓనర్ నిజంగానే అందకపోతే, ఆర్డర్ ఫర్ రికవరీ (ఆ అప్పు కట్టమనే ఉత్తర్వు) వచ్చినప్పుడు టీఈ9 ఫారంలో ఆ మాట చెప్పి కేసుని వెనక్కి తీసుకెళ్లవచ్చు. అబద్ధం రాస్తే కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకోవచ్చు.