ఇంటర్ పిల్లల నిద్రవేళలు, కారణం తెలియని భయం

జూనియర్ కళాశాలలో జీవశాస్త్రం చెప్పే నా దగ్గరకు ఏటా దసరా సెలవులయ్యాక కొందరు పిల్లలు వచ్చి, "మేడమ్, ఊరికే భయంగా ఉంటోంది" అంటారు. దేనికి భయమని అడిగితే చెప్పలేరు. గుండె దడగా ఉంటుందని, కడుపులో తిప్పుతుందని, బాగా వచ్చిన పాఠం కూడా ప్రశ్నపత్రం చూడగానే మరచిపోతున్నామని చెబుతారు. అప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టి, రాత్రి ఎన్నింటికి పడుకున్నారో, పోయిన ఆదివారం ఎన్నింటికి లేచారో అడుగుతాను.

హాస్టల్లో ఉండే అమ్మాయి రోజు ఇలా గడుస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బెల్లు, ఐదింటికి స్టడీ అవర్, పగలంతా తరగతులు, రాత్రి పదిన్నర వరకు మళ్లీ స్టడీ అవర్. ఆ తర్వాత బకెట్ పట్టుకొని వరుసలో నిలబడి బట్టలు ఉతుక్కొని, రేపటి టెస్టు కోసం ఒకసారి పుస్తకం తిరగేసి పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. ఔటింగ్ ఇచ్చినప్పుడు ఇంటికి వెళ్లి, రెండింటి దాకా ఫోను చూసి, మర్నాడు మధ్యాహ్న భోజనం వేళకు లేస్తుంది. పాపం అలసిపోయిందని ఇంట్లోవాళ్లు లేపరు.

ఈ వయసులో అర్ధరాత్రి దాకా నిద్ర రాకపోవడం బద్ధకమో మొండితనమో కాదు. యుక్తవయసు మొదలయ్యాక, నిద్రవేళ అయిందని శరీరానికి తెలిపే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్‌స్కాడన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అక్కడి నిద్రవైద్య నిపుణుల సంఘం 2016లో సూచించింది. మన పిల్లలకు అందులో సగం దక్కడమే కష్టంగా ఉంది. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే గుర్తుంటుందన్న పెద్దల మాటను నేను కాదనను, కానీ ఆ పెద్దలు రాత్రి ఎనిమిదింటికే భోజనాలు ముగించి పడుకునేవారు.

నిద్ర తగ్గడం ఒక నష్టమైతే, దాని వేళ రోజుకో తీరుగా మారడం మరో నష్టం, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆదివారం పన్నెండింటికి లేచిన పిల్లకు ఆ రాత్రి పదకొండింటికి నిద్ర రమ్మన్నా రాదు, ఎందుకంటే మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో పేరుకోవలసిన నిద్ర ఒత్తిడి, అంటే నిద్రపోవాలన్న అవసరం, అప్పటికి చాలినంత పేరుకోదు. దీపాలు ఆర్పిన గదిలో కళ్లు తెరుచుకొని పడుకున్న ఆ రెండు గంటల్లో సోమవారం టెస్టు, పోయిన వారం ర్యాంకు, నాన్న కట్టిన ఫీజు వరుసగా గుర్తుకొస్తాయి. మళ్లీ నాలుగున్నరకు బెల్లు మోగుతుంది. నిద్ర కరవైన మెదడు భయాన్ని అదుపు చేసుకోలేదు. 2007లో నిద్రపై పరిశోధించే మాథ్యూ వాకర్ బృందం ఒక రాత్రంతా నిద్ర లేకుండా ఉంచిన యువతకు కలవరపెట్టే చిత్రాలు చూపినప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం బాగా నిద్రపోయినవారిలో కంటే దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించింది, దాన్ని అదుపులో ఉంచే మెదడు ముందు భాగంతో దాని సంబంధమూ బలహీనపడింది. అలా పెరిగిన దిగులు మరునాటి రాత్రి నిద్రను ఇంకా దూరం చేస్తుంది.

అందుకే పిల్లలకు నేను ముందుగా చెప్పేది లేచే వేళను స్థిరం చేసుకోమని. ఆదివారం కూడా గంటకు మించి తేడా రానివ్వకూడదు, లేవగానే కాసేపు ఆరుబయట వెలుతురులో నిలబడాలి, అలసట తీరకపోతే మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తీయవచ్చు. రాత్రి చదువు కోసం తొమ్మిదింటికి తాగే టీ మానాలి, అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అయితే అన్ని భయాలూ నిద్రతోనే తీరవు. దడ, దిగులు వారాల తరబడి వదలకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లలు ఎంత జాగ్రత్తపడినా టైంటేబుల్ వారి చేతిలో ఉండదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో హైస్కూలు మొదలయ్యే సమయాన్ని 7:50 నుంచి 8:45కు మార్చినప్పుడు విద్యార్థులు రోజుకు సగటున 34 నిమిషాలు అదనంగా నిద్రపోయారు. పొద్దున్నే వెసులుబాటు దొరికింది కదా అని రాత్రి మరింత మేలుకొని ఆ సమయాన్ని వృథా చేయలేదు. మన కళాశాలల్లో ఐదింటి స్టడీ అవర్‌ను ఆరున్నరకు జరిపితే ర్యాంకులు పడిపోతాయన్న భయానికి ఆధారం నాకు కనిపించదు. అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులు ర్యాంకుల గురించి, ఏసీ గదుల గురించి, ఫీజు రాయితీ గురించి వివరంగా అడుగుతారు. రాత్రి దీపాలు ఎన్నింటికి ఆర్పుతారో, పొద్దున బెల్లు ఎన్నింటికి కొడతారో కూడా అక్కడే, డబ్బు కట్టకముందే అడగండి.