ట్రైలర్‌లోంచి దించిన గ్లైడర్‌కు రెక్కలు తొడిగేటప్పుడు

సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడల్లా మా మేనల్లుడు ఒకటే అడుగుతాడు: "విప్పి ట్రైలర్‌లో పెట్టిన రెక్కలు గాలిలో ఊడిపోవా మావయ్యా?" ఇంజను లేకుండా ఎగిరే విమానమైన గ్లైడర్‌ను నడపడం నేను నేర్చుకున్నది జర్మనీలో. మన డెల్టాలో ఎండ వేడిలో ఎక్కువ భాగం వరిచేలలోని నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది కనుక గ్లైడర్‌ను పైకి లేపేటంత బలమైన వేడిగాలి పుట్టడం కష్టం. పుట్టినా, దిగవలసింది చేపల చెరువులోనో కొబ్బరితోటలోనో.

రెక్కలను బిగించే పని నిజానికి అంత భయపెట్టేది కాదు. కొస నుంచి కొసకు 15 మీటర్లుండే గ్లైడర్‌లో రెండు రెక్కల స్పార్లూ (రెక్క బరువును మోసే లోపలి దూలాలు) ఫ్యూజలాజ్‌లో, అంటే విమానం మొండెంలో, ఒకదాని పక్కన ఒకటి చేరగా, వాటిని మెయిన్ పిన్నులు కలిపి పట్టుకుంటాయి. పిన్ను దూరకపోతే సుత్తి పట్టకూడదు. రెక్క కొస పట్టుకున్న మనిషి దానిని కాస్త ఎత్తినా, దించినా రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. అందుకే ఆజ్ఞ ఒక్కరి నోటి నుంచే రావాలి. జగ్గన్నతోట తీర్థానికి ప్రభను మోసేవాళ్లు తలా ఒక మాట అంటే ప్రభ ఎలా ఒరుగుతుందో, ఇక్కడ రెక్క కూడా అలాగే ఒరుగుతుంది.

అసలు ప్రమాదం కంటికి కనబడని చోట ఉంది. కొత్త గ్లైడర్లలో రెక్క తొడగగానే కంట్రోళ్లు వాటంతటవే కలుస్తాయి గాని, పాతవాటిలో ఎయిలెరాన్లు (గ్లైడర్‌ను పక్కకు ఒరిగించే రెక్క అంచు పలకలు), ఎయిర్ బ్రేకులు (రెక్క పైకి లేచి గ్లైడర్‌ను కిందికి దించే పలకలు), ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక)ల రాడ్లను చేతితో కలపవలసి ఉంటుంది. ఈ రాడ్లను కలిపే లోటెల్లియే రకం కీలులో గిన్నె బంతి మీద కూర్చున్నట్టే కనిపించి కూడా తాళం పడకపోవచ్చు. సేఫ్టీ పిన్ను దూరే వరకు, వేళ్లతో లాగి చూసే వరకు అది కలిసినట్టు కాదు. ఎలివేటర్ కలపకుండా ఎగిరితే ముక్కును ఎత్తడానికీ దించడానికీ పైలట్ చేతిలో సాధనమే ఉండదు. ఒక ఎయిర్ బ్రేక్ కలపకుండా వదిలితే రెక్క పైనుండే తక్కువ పీడనం దానిని పైకి లాగేస్తుంది, గ్లైడర్ ఆ వైపుకు తిరుగుతుంది.

కాబట్టి బిగింపు పూర్తయ్యాక ఒకరు కాక్‌పిట్‌లో స్టిక్‌ను (పైలట్ పట్టుకుని నడిపే కర్రను) మెల్లగా కదుపుతుండగా, మరొకరు బయట ప్రతి కంట్రోల్‌ను అరచేతులతో అదిమిపట్టి ఎదురు బలం తగులుతుందో లేదో చూడాలి. ఊరికే కదిలిస్తే చాలదు. స్టిక్ ఎడమకు వెళితే ఎడమ ఎయిలెరాన్ పైకి లేవాలి, వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. మధ్యలో ఎవరైనా పలకరించారా, పని ఆగిన చోటి నుంచి కాక మొదటి నుంచే మళ్లీ చూడాలి. నా మటుకు నేను బిగించే సమయంలో ఫోను కారులోనే వదిలేస్తాను, అది మర్యాద కాదని అనుకునేవాళ్లున్నా సరే.

రెక్క మొదట్లో సందులకు టేపు అంటించేది ఈ పరీక్ష ముగిశాకే. తోకకు తగిలించిన చక్రాల బండిని మరిచిపోయి ఎగిరితే ఆ బరువుకు గరిమనాభి వెనక్కి జరుగుతుంది కనుక, దానిని తీసి పక్కన పెట్టామని ఇద్దరూ చూసి పైకి చెప్పుకోవాలి.