ఆరో గడిలో మా ఊరి బడి

డల్లాస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్లు చదువుకునే కాలేజీలో, ఎనిమిది కోర్సులు పూర్తి చేసి, 25 క్రెడిట్లతో కాలిఫోర్నియాకు వచ్చాను. మావారి ఉద్యోగం మారింది, ఇల్లు మారింది. సామాన్లతో పాటు క్రెడిట్లూ వచ్చేస్తాయనుకున్నాను. ఆ ధీమాకు కారణం లేకపోలేదు. టెక్సస్‌లో డిగ్రీ చదివేవారందరికీ తప్పనిసరి అయిన సాధారణ విద్య 42 క్రెడిట్లు. ఒక ప్రభుత్వ కాలేజీలో వాటిని పూర్తి చేస్తే ఆ రాష్ట్రంలోని మరో ప్రభుత్వ కాలేజీ మొత్తంగా ఒప్పుకోవాల్సిందే. ఆ ఏర్పాటు రాష్ట్ర సరిహద్దు దాటదన్న సంగతే నేను ఆలోచించలేదు.

కొత్త కాలేజీలో కౌన్సెలర్ గళ్లు గీసిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. దాన్ని ఇక్కడ అందరూ ఐగెట్సీ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోగానీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలోగానీ మూడో సంవత్సరంలో చేరదలచినవారు ముందే ముగించుకోగల సాధారణ విద్య జాబితా అది. ఇంగ్లిషు, గణితం, కళలు, సామాజిక శాస్త్రాలు, సైన్సు, భాష: ఒక్కోదానికి ఒక గడి. ఏ కోర్సులోనూ సీ గ్రేడు కంటే తగ్గకూడదు. నా జీవశాస్త్రం సరిగ్గా సీ దగ్గర ఆగిందని అప్పుడు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఈ రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీల మధ్య ఏ కోర్సు దేనికి సరిపోతుందో అసిస్ట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. బయటి రాష్ట్రాల కోర్సులు అందులో ఉండవు. "ప్రతి కోర్సుకూ సిలబస్ తీసుకురండి" అన్నారావిడ. సిలబస్ ఎవరు దాచుకుంటారండీ? పరీక్ష రాసిన వారానికే పుస్తకాలు కూడా అమ్మేసిన మనిషిని నేను. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు సిలబస్‌లను వెబ్‌సైటులో పెట్టాలని అక్కడ చట్టమే ఉంది. అయితే రెండేళ్లు ఉంచితే చాలు. నా మొదటి సెమిస్టరు కోర్సులవి అప్పటికే తీసేశారు. ఆ శాఖలకు ఈమెయిళ్లు రాసి, జవాబు రాకపోతే ఫోన్లు చేసి, ఒక్కొక్కటే సంపాదించడానికి నెలన్నర పట్టింది.

తీర్పు వచ్చింది. మొదటి ఇంగ్లిషు కోర్సు, చరిత్ర, ఆల్జీబ్రా, ప్రసంగం, కళలు, ల్యాబుతో సహా జీవశాస్త్రం నిలిచాయి. రెండో ఇంగ్లిషు కోర్సు పోయింది. వ్యాసాలు రాయించారు సరే, తర్కాన్ని విడిగా బోధించినట్టు సిలబస్‌లో ఎక్కడా లేదట. ఆ గడి దగ్గర బయటి రాష్ట్రాల వాళ్లు చాలామంది ఆగిపోతారని ఆవిడే ఓదార్చారు. ఇక్కడ క్రెడిట్‌ను యూనిట్ అంటారు. స్థానిక విద్యార్థులకు యూనిట్‌కు 46 డాలర్లు కాబట్టి ఆ మూడు యూనిట్ల కోర్సు మళ్లీ చదవడానికి 138 డాలర్లతో సరిపోయింది. పోయిన సెమిస్టరే తిరిగి రాదు. టెక్సస్ ప్రభుత్వం గురించి చదివిన కోర్సును ఏ గడిలోనూ పెట్టలేదు, ఉత్త ఐచ్ఛికంగా లెక్కేశారు. వాళ్ల రాజ్యాంగం 1876 నాటిదనీ, శాసనసభ సాధారణంగా రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటుందనీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. కాలిఫోర్నియాలో దానితో ఎవరికీ పని లేదు.

పెళ్లికి ముందు ఇండియాలో రెండేళ్లు చదివి వదిలేసిన బీఎస్సీ మాట అడిగాను. విదేశీ చదువు ఐగెట్సీకి చెల్లదన్నారు, ఒక్క ఆరో గడికి తప్ప. అది ఇంగ్లిషు కాని భాషకు సంబంధించినది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు వెళ్లేవారికి మాత్రమే. ఆరో తరగతిలోగానీ ఆపైనగానీ కనీసం రెండేళ్లు ఇంగ్లిషు మీడియం కాని బడిలో మంచి మార్కులతో చదివి ఉంటే చాలు.

నేను ఆరు నుంచి పది దాకా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మీడియం. ఆ మాట ఇంటర్‌లో చేరిన రోజు నుంచీ చిన్న గొంతుతోనే చెబుతూ వచ్చాను. ఇక్కడ తల ఎత్తి చెప్పగానే ఆవిడ "రుజువు ఉందా?" అన్నారు.

నాన్న మర్నాడే బడికి వెళ్లారు. స్టడీ సర్టిఫికెట్ అనగానే హెడ్‌మాస్టర్ గారు "అమ్మాయి అమెరికాలో తెలుగు వచ్చని నిరూపించుకోవాలా?" అని నవ్వారట. అచ్చు ఫారంలో మీడియం అన్నచోట 'తెలుగు' అని నీలం సిరాతో రాసి, గుండ్రటి ముద్ర కొట్టారు. ముద్ర సగం అలికిపోయిందని నాన్న మళ్లీ వెళ్లి ఇంకోటి వేయించుకొచ్చారు. ఆయన పద్ధతి అంతే.

చివర్లో ఒక గండం. గళ్లన్నీ నిండితే ధ్రువీకరణ దానంతట అదే యూనివర్సిటీకి వెళుతుందనుకున్నాను. వెళ్లదు. చివరిగా చదివిన కమ్యూనిటీ కాలేజీకి ఫారం ఇచ్చి అడగాలి. ట్రాన్స్‌క్రిప్టు, అంటే మార్కుల పట్టిక, జూలై 1 లోగా చేరాలి కదా అని ఆఫీసుకు వెళ్తే, కిటికీ దగ్గర అమ్మాయి యథాలాపంగా అడగబట్టి తెలిసింది. ఆ ధ్రువీకరణ లేకపోతే యూనివర్సిటీ తన సొంత సాధారణ విద్య కోర్సుల లెక్క మళ్లీ మొదటి నుంచి తీస్తుంది.

2025 శరదృతువు నుంచి కొత్తగా చేరేవారికి ఐగెట్సీ స్థానంలో కాల్‌గెట్సీ వచ్చింది. రెండు రకాల యూనివర్సిటీలకూ ఒకే జాబితా, 34 యూనిట్లు. అందులో భాష గడి లేదు.

నా కాగితం నకలు నాన్నకు పంపాను. ఆరో గడికి ఎదురుగా మా బడి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, ఒక అక్షరం తప్పుతో ఉంది. ఆయన దాన్ని పట్టుకెళ్లి హెడ్‌మాస్టర్ గారికి చూపించి వచ్చారు.